కేన్ హిల్ లాకుల మీదుగా పడవ నడపడం: సమగ్ర మార్గదర్శి

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి లాకు అన్న మాటను విడమరచి చెప్పనక్కరలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో పాటు పడవలకు దారులుగా కూడా పనికొచ్చాయి. నేల పల్లమయ్యే చోట కాలువను ఒక మెట్టు కిందికి దించి, పడవలు ఆ మెట్టు ఎక్కి దిగడానికి పక్కనే లాకు కట్టారు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకు వెళ్తే ఆ కట్టడాలను ఇప్పటికీ చూడవచ్చు గానీ, వాటిలోంచి సరుకు పడవ దాటడాన్ని కళ్లారా చూసినవారు మా తరంలో బాగా తక్కువ. ఆ పనిని సొంత చేతులతో చేసి తెలుసుకోవాలనుకునేవారికి మంచి అవకాశం ఇంగ్లండ్ పాత కాలువల మీద దొరుకుతుంది. అక్కడ అద్దె పడవ నడపడానికి లైసెన్సు అవసరం లేదు. ఎక్కువ లాకుల దగ్గర వాటిని నడిపే ఉద్యోగి కూడా ఉండడు, పడవలో వచ్చినవారే దిగి, నీళ్లు నింపి, తలుపులు తెరుచుకుని వెళ్లాలి.

అంత నమ్మి చేతికిచ్చిన పనిని పద్ధతిగా నేర్చుకుని చేయడం మన బాధ్యత. బ్రిటన్‌లో ఉద్యోగాల కోసం స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవుల్లో ఇలాంటి పడవలు అద్దెకు తీసుకోవడం చూస్తున్నాను కనుక, వారికి పనికివచ్చేలా, నేను చాలాసార్లు దాటిన కేన్ హిల్ లాకులను ఉదాహరణగా తీసుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

కేన్ హిల్ గురించి ముందుగా తెలుసుకోవలసినవి

కెనెట్ అండ్ ఏవన్ కాలువ దక్షిణ ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి బాత్ మీదుగా బ్రిస్టల్ వైపు సాగుతుంది. నదీ భాగాలతో కలిపి దాని పొడవు 87 మైళ్లు, అంటే సుమారు 140 కిలోమీటర్లు, అందులో నూటికి పైగా లాకులు ఉన్నాయి. జాన్ రెన్నీ అనే ఇంజనీరు రూపొందించిన ఈ కాలువ 1810లో పూర్తిగా తెరుచుకుంది. అన్నిటికంటే చివరిగా పూర్తయినది డివైజెస్ పట్టణం పక్కనున్న కేన్ హిల్ భాగమే, ఎందుకంటే అక్కడ కేవలం రెండు మైళ్ల దూరంలో కాలువ 237 అడుగులు ఎక్కాలి. ఆ ఎత్తును రెన్నీ 29 లాకులతో సాధించాడు. కింద ఫాక్స్‌హ్యాంగర్స్ దగ్గర ఏడు, పైన పట్టణం అంచున ఆరు, మధ్యలో కొండ వాలు మీద తిన్నగా ఒకదాని వెనుక ఒకటి పదహారు ఉంటాయి. ఆ పదహారింటినీ కింద నిలబడి చూస్తే, తెల్ల కొసలున్న నల్లటి దూలాల జతలు కొండ మీదికి మెట్లు కట్టినట్టు కనిపిస్తాయి.

రైళ్లు వచ్చాక ఈ కాలువ 1852లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే చేతికి వెళ్లింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాదే ఇక్కడ కాలువకు గడ్డుకాలం మొదలైందన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి లాకులు పాడుబడి, గదుల్లో తుప్పలు మొలిచాయి. స్వచ్ఛంద కార్యకర్తలు దశాబ్దాల పాటు మట్టి తీసి, ఇటుక పేర్చి, విరాళాలు పోగుచేసి బాగుచేసుకున్న తరువాత, 1990 ఆగస్టులో రెండవ ఎలిజబెత్ రాణి దాన్ని తిరిగి ప్రారంభించారు. 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సేవా సంస్థ నిర్వహిస్తోంది. కాబట్టి మీరు తిప్పే ప్రతి పిడి వెనుకా ఎవరో జీతం తీసుకోకుండా చేసిన పని ఉందని గుర్తుంచుకుని వాడండి.

లాకులోని భాగాలు

పని మొదలుపెట్టే ముందు ఒక లాకు పక్కన పది నిమిషాలు ఖాళీగా నిలబడి భాగాలను గుర్తుపట్టండి. రెండు గోడల మధ్య పడవ నిలిచే చోటు గది. కేన్ హిల్‌లో ఒక్కో గది సుమారు 22 మీటర్ల పొడవు, నాలుగు మీటర్లకు కొంచెం పైగా వెడల్పు ఉంటుంది, అందువల్ల ఏడడుగుల లోపు వెడల్పుండే రెండు సన్న పడవలు పక్కపక్కనే పడతాయి. గదికి ఎగువ కొసన ఒక జత తలుపులు, దిగువ కొసన ఒక జత తలుపులు ఉంటాయి. మూసినప్పుడు రెండు రెక్కలూ తిన్నగా ఒకే గీతలోకి రావు, ఎగువ వైపుకు మొన ఉండేలా కోణంలో కలుసుకుంటాయి. ఎగువ నీరు ఎంత నెడితే అవి అంత బిగుసుకుంటాయి కనుక గడియ అవసరం లేదు. ఈ తరహా తలుపును పదిహేనో శతాబ్దం చివర్లో ఇటలీలో లియొనార్డో డావిన్చి రూపొందించాడని చెబుతారు. రెండు కొసలా అడ్డం పెట్టి మధ్య గదిలో నీటిమట్టం మార్చే పద్ధతి మాత్రం అంతకు ఐదు శతాబ్దాల ముందే, 984లో, చైనా మహాకాలువ మీద ఛియావ్ వెయ్‌యూ అనే అధికారి అమలు చేసినది.

ప్రతి రెక్కకూ పైన గట్టు మీదికి పొడుచుకు వచ్చే లావాటి దూలం ఉంటుంది. అది రెక్క బరువుకు సరితూగుతుంది, దానికి వీపు ఆనించి తోస్తే తలుపు కదులుతుంది. నీరు వెళ్లే రంధ్రాన్ని మూసి తెరిచే పలకను అక్కడ ప్యాడిల్ అంటారు, మన కాలువల మీద షట్టరు చేసే పనినే అది చిన్న కొలతలో చేస్తుంది. తలుపులోనే ఉండేవి కొన్ని, గట్టు లోపలి సొరంగం గుండా నీటిని గదిలోకి పంపేవి కొన్ని. వీటిని ఇక్కడ తలుపు ప్యాడిల్, గట్టు ప్యాడిల్ అని పిలుస్తాను. ప్యాడిల్‌ను ఎత్తడానికి విండ్‌లాస్ అనే వంపు తిరిగిన ఇనుప పిడి కావాలి, అది లాకు దగ్గర ఉండదు, మీ పడవలోంచే తీసుకెళ్లాలి. ఎత్తిన ప్యాడిల్ తిరిగి పడిపోకుండా పళ్ల చక్రంలో ఇరుక్కునే చిన్న ఇనుప నాలుక పట్టి ఉంచుతుంది.

చివరిది, కంటికి కనిపించనిది, అన్నిటికంటే ముఖ్యమైనది గడప. ఇంటి తలుపు కింద గడప ఉన్నట్టే ఎగువ తలుపుల కింద కూడా రాతి గడప ఒకటి గదిలోకి ముందుకు వచ్చి ఉంటుంది. గది నిండి ఉన్నప్పుడు అది నీటి అడుగున దాగి ఉంటుంది, గది ఖాళీ అయ్యే కొద్దీ బయటపడుతుంది. అది ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే గుర్తును లాకు పక్కగోడ పైఅంచున తెల్లరంగుతో గీస్తారు. ఆ గీత ఎక్కడుందో కళ్లతో చూసుకోకుండా ఏ లాకులోనూ కిందికి దిగవద్దు.

నీటి బలం ఎంతో ఒక లెక్క

దిగువ తలుపుల మీద నిండు గది నెట్టే బలం కేన్ హిల్ కొలతల్లో పాతిక టన్నుల దాకా వస్తుంది. అంత బలాన్ని మనిషి తోసి తెరవలేడని ఎవరికైనా తెలుస్తుంది. తెలియనిది ఏమిటంటే, రెండు వైపులా నీటిమట్టాల్లో తేడా పది సెంటీమీటర్లే మిగిలినా, ఒక్కో రెక్క మీద ఇంకా మూడు నాలుగు వందల కిలోల బరువు పడుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు ఈ చివరి జానెడు దగ్గరే ఓపిక కోల్పోయి, నలుగురూ కలిసి దూలాన్ని కుదుపుతూ నడుములు పట్టేసేలా చేసుకుంటారు. మా నాన్నగారు కోనసీమ నుంచి వచ్చినప్పుడు ఆయన్ని ఈ లాకులకు తీసుకెళ్లాను. చిన్నతనంలో కొబ్బరికాయల పడవలు లాకు దాటడం చూసిన మనిషి ఆయన. నేను దూలాన్ని తోస్తుంటే గట్టు మీద నిలబడి, "తోస్తే రాదురా, నీళ్లు ఒప్పుకోవాలి" అన్నారు. ఆ మాట అన్నాక ఒక నిమిషం కూడా గడవలేదు, నీటి మీద తలుపు కీలు పక్కన తిరుగుతున్న సన్నటి సుడి ఆగిపోయింది, రెండు రెక్కల మధ్య నల్లటి గీత తనంతట తానే వేలెడు విచ్చుకుంది. ఆ విచ్చుకోవడమే మీకు గుర్తు. అది కనిపించేదాకా దూలం మీద కూర్చుని ఉండండి.

బయలుదేరే ముందు

కేన్ హిల్ మధ్య పదహారు లాకులకు రోజూ నిర్ణీత వేళల్లోనే ప్రవేశం ఉంటుంది, ఆ వేళలు కాలాన్ని బట్టి మారుతాయి. మొత్తం 29 లాకులు దాటడానికి ఐదారు గంటలు పడుతుంది, మధ్యలో పదహారింటి నడుమ రాత్రి పడవ కట్టేసుకోవడానికి వీలుండదు. అందువల్ల ముందురోజు సాయంత్రానికే ఫాక్స్‌హ్యాంగర్స్ చేరి, పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. చలికాలంలో తలుపుల మరమ్మతులకు కాలువను కొన్ని చోట్ల మూసివేస్తారు కనుక, అద్దెకు తీసుకునేటప్పుడే ఆ సంగతి కనుక్కోండి. ఓక్ చెక్కతో చేసిన ఒక జత తలుపులు సుమారు పాతికేళ్లు మన్నుతాయి. అన్ని లాకులున్న కాలువలో ఏటా ఏదో ఒకచోట మార్పు తప్పదు.

మనుషులు కనీసం ముగ్గురు ఉండేలా చూసుకోండి. ఒకరు చుక్కాని దగ్గర, ఇద్దరు గట్టు మీద. విండ్‌లాస్‌లు మనిషికొకటి కాక ఇంకొకటి అదనంగా ఉండాలి, ఎందుకంటే చేతిలోంచి జారి కాలువలో పడ్డ విండ్‌లాస్ దొరకదు. చెప్పులతో రావద్దు, అడుగు పట్టున్న బూట్లు వేసుకోండి. ఈత రానివారు, పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే దిగాలి. చీర చెంగులు, చున్నీలు, వేలాడే మెడపట్టీలు పళ్ల చక్రాల దగ్గరకు రానివ్వకూడదు. ఇది చాదస్తంగా అనిపించవచ్చు, కానీ ఆ చక్రం గుడ్డను పట్టుకుంటే మనిషి చేతిని కూడా లాక్కుంటుంది.

పైకి ఎక్కడం

లాకుకు కాస్త దిగువన పడవను గట్టుకు చేర్చి, గట్టు పని చేసేవారిని దింపండి. పడవ కదులుతుండగా దూకవద్దు. దిగినవారు మొదట చేయవలసింది పైకి నడిచి అవతలి వైపు చూడటం. పై నుంచి పడవ వస్తూ, గది నిండి ఉంటే, ఆ లాకు వారిది, వారిని ముందు దిగనివ్వాలి. వారు దిగాక గది ఎలాగూ ఖాళీగా ఉంటుంది, మీరు నేరుగా లోపలికి వెళ్లవచ్చు. ఇలా ఒకే గదినిండా నీటితో ఒక పడవ దిగి, ఒక పడవ ఎక్కితే నీటి ఖర్చు సగమవుతుంది. వెనుక మరో పడవ వస్తోందేమో కూడా చూడండి. ఉంటే ఆగి, ఇద్దరూ పక్కపక్కన కలిసి వెళ్లండి. కేన్ హిల్‌లో ఇది మర్యాద మాత్రమే కాదు, పనిని కూడా సగం చేస్తుంది.

గది నిండి ఉండి, ఎవరూ రాకపోతే, దాన్ని ఖాళీ చేయాలి. దానికి ముందు ఎగువ తలుపులూ, ఎగువ ప్యాడిళ్లూ పూర్తిగా మూసి ఉన్నాయని చేతితో తాకి మరీ నిర్ధారించుకోండి. తరువాత దిగువ ప్యాడిళ్లు ఎత్తండి. విండ్‌లాస్‌ను కడ్డీకి పూర్తిగా లోపలిదాకా తొడిగి, బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి, ఇనుప నాలుక పళ్ల మీద టక్ టక్ మని పడుతుండగా తిప్పండి. పూర్తిగా ఎత్తాక నాలుక పంటిలో కూర్చుందో లేదో చూసి, విండ్‌లాస్‌ను తీసి చేతిలో పెట్టుకోండి. కడ్డీకి తగిలించి వదిలేసిన విండ్‌లాస్, నాలుక జారిన క్షణాన గిరగిరా తిరుగుతూ ఎగిరివచ్చి తలకో మోచేతికో తగులుతుంది. లాకుల మీద జరిగే గాయాలలో ఇది బాగా తెలిసిన రకం.

మట్టాలు సమమయ్యాక దిగువ తలుపులు తెరవండి. ఒక్క పడవే అయితే ఒక రెక్క చాలు. చుక్కాని పట్టినవారు నెమ్మదిగా, గోడలకు తగలకుండా లోపలికి రావాలి. లోపలి గోడలు పచ్చటి నాచుతో జిగటగా ఉంటాయి, వాటిని చేతితో తోయవద్దు, పడవకూ గోడకూ మధ్య చేయిగానీ కాలుగానీ ఎప్పుడూ పెట్టవద్దు. పడవ బరువు పదిహేను, ఇరవై టన్నులు ఉంటుంది, ఎంత మెల్లగా కదిలినా ఎముకకు అది ఎక్కువే. ముందూ వెనుకా ఒక్కో తాడును గట్టు మీది గుంజకు ఒక చుట్టు తిప్పి, కొసను చేతిలో పట్టుకోండి. ముడి వేయవద్దు. పడవ పైకి లేస్తున్న కొద్దీ తాడు వదులవుతుంది, దాన్ని బిగిస్తూ ఉండాలి.

ఇప్పుడు దిగువ తలుపులు మూసి, దిగువ ప్యాడిళ్లు పూర్తిగా దించండి. ఈ 'పూర్తిగా' అన్న మాట నేను నష్టపోయి నేర్చుకున్నది. తొలి ప్రయాణంలో ఒక దిగువ ప్యాడిల్ పావువంతు పైనే ఉండిపోయింది. ఎగువ నుంచి నీరు వస్తూనే ఉంది, గది సగానికి మించి నిండటం లేదు. ఏమైందో తెలియక అరగంట చూస్తూ నిలబడ్డాను. ఆ అరగంటలో ఎగువ కాలువలో జానెడు లోతు నీరు ఊరికే దిగువకు పోయింది, అక్కడ కట్టేసి ఉన్న పడవ ఒకటి ఒరిగిపోవడం మొదలైంది. కాబట్టి ప్యాడిల్ పళ్ల కడ్డీ అడుగు దాకా దిగిందో లేదో ప్రతిసారీ వంగి చూడండి. దించేటప్పుడు నాలుకను ఎత్తి, ప్యాడిల్‌ను విండ్‌లాస్‌తో తిప్పుతూ దించాలి, టపీమని పడనివ్వకూడదు. అలా పడేసినప్పుడు పగిలేది రెండు వందల ఏళ్ల పద్ధతిలో ఎవరో చేత్తో చేసి బిగించిన సామాను.

ఎగువ ప్యాడిళ్లు ఎత్తేటప్పుడు తొందర పనికిరాదు. గట్టు ప్యాడిళ్లు ఉన్నచోట ముందు అవే ఎత్తాలి, అవీ మొదట సగమే. గదిలో ఒక్క పడవే ఉంటే, పడవ ఏ గోడ వైపు ఉందో ఆ వైపు ప్యాడిల్‌నే ముందు తెరవండి. నీరు పడవ అడుగున దూరి, అవతలి గోడకు తగిలి వెనక్కి వచ్చి, పడవను తన గోడకే అదిమి పెడుతుంది. అవతలి వైపుది ముందు తెరిస్తే పడవ గది మధ్యలో ఊగిసలాడుతుంది. తలుపు ప్యాడిళ్లు తెరవడానికి వాటి రంధ్రాలు నీట మునిగేదాకా ఆగండి. ముందే తెరిస్తే నీరు ధారగా ఎగిరి పడవ ముందు అరలో పడుతుంది, చిన్న పడవలు ఇలా నీరు నిండి మునిగిన సందర్భాలు ఉన్నాయి.

గది నిండేంతసేపూ చుక్కాని పట్టినవారికీ ప్యాడిల్ దగ్గర ఉన్నవారికీ ఒకరినొకరు చూసుకునే వీలుండాలి. పడవ ముక్కు తలుపు అడ్డకర్ర కింద ఇరుక్కుంటే, కేక వినిపించిన వెంటనే ఎగువ ప్యాడిళ్లు దించేయాలి, ఆ తరువాతే దిగువవి మెల్లగా తెరిచి పడవను కిందికి దింపి విడిపించాలి. ఎవరు కేక వేసినా ముందు ప్యాడిల్ దించడం, ఆ తరువాతే కారణం అడగడం. బయలుదేరే ముందే అందరితో ఈ నియమం చెప్పించుకోండి.

నీరు సమమై తలుపు విచ్చుకున్నాక తెరిచి, పడవను బయటికి తీసి, ఎగువ ప్యాడిళ్లు దించి, తలుపులు మూసి, ఆ తరువాతే తదుపరి లాకుకు కదలండి. ఎదురుగా పడవ వస్తుంటే మాత్రం తలుపులు తెరిచే ఉంచవచ్చు. లాకు దగ్గర బోర్డు మీద వేరే సూచన ఉంటే దాన్నే పాటించండి.

పదహారింటి వరసలో ఒక లయ

మధ్య వరసకు వచ్చాక గట్టు మీద ఉన్న ఇద్దరిలో ఒకరు ముందు లాకును సిద్ధం చేయడానికి వెళ్లాలి, ఒకరు వెనుక లాకును మూసి రావాలి. రెండు పడవలు జంటగా కదులుతూ, అయిదుగురు మనుషులు ఉంటే ఈ పని ఊళ్లో నాట్లు వేసినంత లయగా సాగుతుంది. చాలా రోజుల్లో ట్రస్ట్ స్వచ్ఛంద కార్యకర్తలు కూడా అక్కడ ఉంటారు. వారు చెప్పే క్రమాన్నే అనుసరించండి, ఏ లాకులో నీరు తగ్గిందో, ఎక్కడ ఎదురుపడవ వస్తోందో వారికి తెలుసు.

ఈ వరసలో రెన్నీకి ఎదురైన చిక్కు ఏమిటో అక్కడ నిలబడితే స్పష్టమవుతుంది. మామూలుగా రెండు లాకుల మధ్య కాలువ పొడుగ్గా ఉండి, ఒక గదినిండా నీరు వచ్చినా పోయినా పెద్ద తేడా పడదు. ఇక్కడ లాకులు మరీ దగ్గరగా ఉన్నాయి, మధ్యనున్న చిన్న ముక్కలోంచి ఒక గదికి నీరు తీస్తే అది అడుగంటిపోతుంది. అందుకని ఆయన ప్రతి ముక్కకూ పక్కకు, కొండ వాలు మీద, విశాలమైన చెరువు తవ్వించి కలిపాడు. ఎక్కేటప్పుడు ఒక వైపున వరసగా కనిపించే ఆ నీళ్లు అలంకారం కోసం కాదు, అవే ఈ లాకులకు ప్రాణం. పడవ నడిపేవారు మాత్రం అటు గాలి తోసుకుపోకుండా జాగ్రత్తపడాలి, చెరువు అంచుల్లో లోతు తక్కువ.

ఒక గదికి ఎంత నీరు పడుతుందో మీరే లెక్కవేసుకోవచ్చు. 22 మీటర్ల పొడవు, 4.3 మీటర్ల వెడల్పు, సగటున రెండున్నర మీటర్ల ఎత్తు గుణిస్తే దాదాపు 236 ఘనపు మీటర్లు, అంటే రెండు లక్షల ముప్పయ్యారు వేల లీటర్లు. ఈ నీరు కొండ మీద ఊరికే ఊరదు. 1996లో ఫాక్స్‌హ్యాంగర్స్ దగ్గర పెట్టిన పంపులు రోజుకు 3 కోట్ల 20 లక్షల లీటర్ల నీటిని తిరిగి కొండపైకి పంపగలవు, అంటే పదకొండు నిమిషాలకు ఒక గది. పంపులు ఉన్నాయి కదా అని ప్యాడిల్ తెరిచి వదిలేస్తే ఆ లెక్క ఎక్కడా సరిపోదు. ముందు కాలువ ముక్కలో నీరు బాగా తగ్గినట్టు కనిపిస్తే, పడవతో ముందుకు పోకుండా ఆగి, కార్యకర్తలకు చెప్పండి.

కిందికి దిగడం

దిగడం చూడటానికి తేలిక, శ్రమ తక్కువ, కుదుపు అసలే ఉండదు. ప్రమాదం ఎక్కువ ఉన్నది మాత్రం ఇందులోనే. గది నిండుగా ఉన్నప్పుడు పడవ గట్టుతో సమానంగా తేలుతూ ఉంటుంది, చుట్టూ ఎండ, ఎదురుగా లోయ కనిపిస్తాయి, మాటల్లో పడితే చుక్కాని వెనుక ఏముందో ఎవరికీ గుర్తుండదు.

ఎగువ తలుపులు తెరిచి లోపలికి వచ్చాక, పడవ వెనుక కొసను, అంటే గోదావరి పడవవాళ్లు అమరం అనే చోటును, తెల్లగీతకు బాగా ముందుకు తీసుకురండి. చుక్కాని పడవ కొస కంటే వెనుకకు పొడుచుకు రావచ్చు కనుక దాన్నీ కలుపుకుని లెక్కపెట్టాలి. అలాగని ముక్కును దిగువ తలుపులకు ఆనించవద్దు, తలుపు మీది అడ్డకర్ర మీద ముక్కు ఆగిపోతే అదీ వేలాడుతుంది. ఎగువ తలుపులు మూసి, ఎగువ ప్యాడిళ్లు దించాక, తాళ్లను గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి చేత్తో పట్టుకుని, పడవ దిగే కొద్దీ వదులుతూ ఉండండి. ఇక్కడ ముడి వేస్తే పడవ తాడు మీద వేలాడి పక్కకు ఒరుగుతుంది. తాడు బిగుసుకున్నాక ముడి విప్పడానికి ఎవరి బలమూ చాలదు.

దిగువ ప్యాడిళ్లను మెల్లగా, ఒకటి తరువాత ఒకటిగా ఎత్తండి. చుక్కాని పట్టినవారి చూపు గడప గీత మీదే ఉండాలి. నీరు తగ్గుతుండగా వెనుక తడిసిన రాయి మెల్లగా బయటపడటం, దాని అంచు నుంచి నీళ్లు ధారలుగా జారడం మీకు కనిపిస్తుంది. పడవ అక్కడికి మూరెడు దూరంలో ఉంటే మీరు క్షేమం. ఒకవేళ వెనుక భాగం గడప మీద కూర్చుంటే, ముక్కు నీటితో పాటు దిగిపోతూ వెనుక పైనే ఉండిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో ముందు అరల్లోకి నీరు వచ్చి పడవ మునిగిపోతుంది. ఆ సమయంలో పడవను ఇంజనుతో ముందుకు లాగాలని ప్రయత్నించవద్దు. కేక వేయండి. గట్టు మీదివారు వెంటనే దిగువ ప్యాడిళ్లు దించేసి, అవి పూర్తిగా మూసుకున్నాక ఎగువ ప్యాడిళ్లు కొద్దికొద్దిగా తెరిచి గదిని తిరిగి నింపాలి. నీరే పడవను గడప మీంచి లేపుతుంది. ఈ వరస అందరి నోటా వచ్చేదాకా మొదటి లాకుకు ముందే ఒకసారి గట్టు మీద నిలబడి చెప్పుకోండి. నేను ఇప్పటికీ ప్రతి ప్రయాణంలో, ఎంత అనుభవం ఉన్నవారు తోడు వచ్చినా, వారి చేత చెప్పిస్తాను.

గది ఖాళీ అయ్యాక మీరు ఒక లోతైన తడి బావి అడుగున ఉన్నట్టు ఉంటుంది. ఇటుకల సందుల్లోంచి నీరు చుక్కలుగా కారుతూ ఉంటుంది, వెనుక ఎగువ తలుపుల చీలికల్లోంచి సన్నటి ధారలు చిమ్ముతుంటాయి. ఆ ధారలకు భయపడనక్కరలేదు, చెక్క తలుపులు కొద్దిగా కారడం సహజం, పడవ కొసను వాటి కిందికి పోనివ్వకుండా చూసుకుంటే చాలు. నిచ్చెన ఉంటే పైకి రావచ్చు గానీ, దాని మెట్లు నాచుతో జారుతుంటాయి. అవసరం లేకపోతే పడవలోనే ఉండటం మంచిది.

గట్టు మీది మనుషుల కోసం

అవతలి గట్టుకు వెళ్లాలంటే మూసిన తలుపుల మీది నడకపలక మీదుగా, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కరే దాటాలి. సగం తెరిచిన రెండు రెక్కల మధ్య దూకేవారిని ప్రతి ఏడాదీ చూస్తుంటాను. ఆ దూకుడు ఒక్కసారి తప్పితే పడేది తిరుగుతున్న ఇంజను పంకాకు దగ్గర, లేదా ఖాళీ గది అడుగున. దూలాన్ని తోసేటప్పుడు వెనుక ఎవరున్నారో చూసుకోండి, దూలం కొస గట్టు అంచు దాటి వెళ్లే లాకులు కొన్ని ఉన్నాయి, దానితో పాటే వెనక్కి నడుస్తూ కాలువలో పడినవారు ఉన్నారు. నేల మీద వంపుగా పేర్చిన ఇటుకల వరసలో కాళ్లు ఆనించుకోవడానికి ఉబ్బెత్తు ఇటుకలు ఉంటాయి, అవి అందుకోసమే పెట్టినవి, వాటి మీద మడమ మోపి వీపుతో తోయండి. చేతులతో తోస్తే భుజాలు పట్టేస్తాయి. పిల్లలకు దూలం తోయడం చాలా ఇష్టం, పెద్దవారు పక్కనే ఉండి తోయించవచ్చు, ప్యాడిల్ మాత్రం వారి చేతికి ఇవ్వవద్దు.

చివరి లాకు దాటాక

డివైజెస్ చేరాక, పట్టణం దగ్గరి రేవులో పడవ కట్టే ముందు ఒకరు వెనక్కి నడిచి ఆఖరి లాకును మరోసారి చూసి రావాలి. నాలుగు మూలలా ప్యాడిళ్లు అడుగు దాకా దిగాయా, రెండు జతల తలుపులూ కలిసి మూసుకున్నాయా, గుంజల మీద తాళ్లేమీ మిగిలిపోలేదు కదా. ఎగువ కాలువలో నీరు నిలకడగా ఉందో లేదో గట్టు మీది తడి గీతను చూస్తే తెలిసిపోతుంది. ఆ తరువాత విండ్‌లాస్‌లు తుడిచి, ఎన్నింటితో బయలుదేరారో అన్నీ ఉన్నాయో లెక్కపెట్టి, చుక్కాని పక్కన అందుబాటులో ఉండేలా పెట్టుకోండి. రేపు మళ్లీ దిగేటప్పుడు మొదటి లాకు దగ్గరే అవి కావాలి.